పాత ఎంజీబీ కారు అసలు చక్రాలకు కొత్త టైర్లు: ఎంపిక విధానం

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ పట్టణంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో అత్యంత ప్రజాదరణ పొందినవాటిలో ఒకటి. పైకప్పు తెరవగలిగిన రోడ్‌స్టర్, 1965లో వచ్చిన స్థిరమైన కప్పు గల జీటీ, రెండూ కలిపి అయిదు లక్షలకు పైగా ఆ కర్మాగారం నుంచి వెలువడ్డాయి. మన దేశానికి చేరినవి బహు స్వల్పం. అయినా ఈ కారుకు మనతో ఒక చుట్టరికం లేకపోలేదు. ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను, అంబాసిడర్ కారును ఏళ్ల తరబడి నడిపించిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, రెండూ బీఎంసీ వారి 'బి సిరీస్' కుటుంబానికి చెందినవే. అంబాసిడర్ విప్పి బిగించిన పాతకాలపు మెకానిక్కుకు ఎంజీబీ బానెట్ ఎత్తగానే సగం సామాను పరిచయమైనదిగానే కనిపిస్తుంది.

ఇంజను విషయంలో అక్కరకు వచ్చే ఈ చుట్టరికం టైర్ల విషయంలో పనిచేయదు. ఎంజీబీ చక్రం 14 అంగుళాలది. దానికి మొదట అమర్చిన కొలతల టైర్లు చాలాకాలం క్రితమే సాధారణ దుకాణాల నుంచి కనుమరుగయ్యాయి. టైర్ల దుకాణానికి వెళితే, ఉన్నవాటిలో వెడల్పైనదేదో చూపి స్పోర్ట్స్ కారుకు ఇదే అందమని చెప్పడం సర్వసాధారణం. ఆ సలహాను పాటించినవారిలో కొందరికి టైరు రెక్కకు రాసుకుంటుంది, కొందరికి స్టీరింగు బరువెక్కుతుంది, మరికొందరికి స్పీడోమీటరు తప్పు చెబుతుంది. టైరును నిర్ణయించవలసింది చక్రం. అందుచేత ముందుగా చక్రం సంగతి చూడాలి.

ఏ చక్రం?

ఎంజీబీకి మూడు రకాల చక్రాలు ప్రధానంగా కనిపిస్తాయి. తొలినాటి కార్లకు 4 అంగుళాల వెడల్పు గల ఇనుప రేకు చక్రాలు. అదనపు ధరకు 60 స్పోకుల వైరు చక్రాలు, వీటి వెడల్పు 4.5 అంగుళాలు, 1969 చివరి మార్పుల తరువాత వచ్చిన 'రోస్టైల్' ఇనుప చక్రాలు, వీటి వెడల్పు 5 అంగుళాలు. 1973 నుంచి 1976 వరకు తయారైన జీటీ వి8 చక్రాలు వేరు. ఆరు సిలిండర్ల ఎంజీసీకి 15 అంగుళాల చక్రాలు కనుక దాని సంగతి ఇక్కడ ప్రస్తావనార్హం కాదు. కారు ఎన్నో చేతులు మారి ఉంటుంది కనుక, రికార్డులో ఏమున్నా, రిమ్ము లోపలి అంచు నుంచి అంచు వరకు వెడల్పును స్వయంగా కొలిచి చూసుకోవడం మేలు.

ఈ వెడల్పు ఎందుకు ముఖ్యమంటే, ప్రతి టైరు కొలతకూ కనిష్ఠ, గరిష్ఠ రిమ్ము వెడల్పులు అంతర్జాతీయ ప్రమాణాలలో నిర్దేశించి ఉన్నాయి. 165/80 ఆర్ 14 టైరు 4 నుంచి 5.5 అంగుళాల రిమ్ముపై కూర్చుంటుంది. అంటే ఎంజీబీ చక్రాలన్నింటికీ సరిపోతుంది. 185/70 ఆర్ 14కు కనీసం 4.5 అంగుళాలు కావాలి. వైరు చక్రానికి అది అంచుమీద, తొలినాటి రేకు చక్రానికి నిషిద్ధం. 195/60 ఆర్ 14కు 5.5 అంగుళాలు కనిష్ఠం. ఎంజీబీ అసలు చక్రాలలో ఏదీ దానికి చాలదు. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు ఎక్కించవచ్చు, గాలి నిలుస్తుంది, చూపుకు నిండుగానూ ఉంటుంది. కానీ పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి, నేలను తాకే భాగం ఉబ్బెత్తుగా మారి, మలుపులో టైరు రిమ్ముపై ఊగుతుంది. కారు నడిపే వ్యక్తికి అది 'పట్టు లేదు' అనే అనుభూతిగా తెలుస్తుంది. కారణం మాత్రం అంతుచిక్కదు.

అంకెలలోని అంతరార్థం

పాత పుస్తకాలలో 5.60-14 అని ఉంటే అది మన ప్రాంతంలో 'నైలాన్ టైరు' అని వ్యవహరించే క్రాస్‌ప్లై రకం. 155 ఎస్‌ఆర్ 14, 165 ఎస్‌ఆర్ 14 అని ఉంటే రేడియల్. వీటిలో ఎత్తు శాతం కనిపించదు. అది సుమారు 80కి కాస్త అటూఇటూ ఉన్నట్లు గ్రహించాలి. కనుక పాత 165 ఎస్‌ఆర్ 14కు నేటి వారసుడు 165/80 ఆర్ 14.

దీని వ్యాసం లెక్క కడితే 620 మిల్లీమీటర్లు వస్తుంది. 185/70 ఆర్ 14ది 615. తేడా ఒక శాతం కూడా లేదు. ఇక కొందరు ఇష్టపడే 185/60 ఆర్ 14 వ్యాసం 578 మాత్రమే. దాదాపు 7 శాతం చిన్నదైపోయింది. పర్యవసానంగా స్పీడోమీటరు ఆ మేరకు ఎక్కువ వేగం చూపుతుంది. నాలుగో గేరులో, ఓవర్‌డ్రైవ్ లేకుండా, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు 3,500 సార్లు తిరిగే ఇంజను 3,700కు మించి తిరగవలసి వస్తుంది. ఆ కారులో దూరప్రయాణం చేసినవారికి ఆ రెండు వందల మోత అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కారు నేలకు మరో 20 మిల్లీమీటర్లు దిగిపోతుంది కూడా. మన ఊళ్ల స్పీడు బ్రేకర్ల మీద ఎంజీబీ సైలెన్సరు పైపుకు అది చిన్న విషయం కాదు.

వెడల్పు విషయంలో మరొక చిక్కు ఉంది. ఎంజీబీ వెనుక ఇరుసు, బాడీ మధ్యన సరిగ్గా సమంగా కూర్చోని కార్లు చాలా ఉన్నాయి. ఒకవైపు రెండు వేళ్లు దూరే సందు, మరోవైపు ఒక వేలు కూడా దూరని సందు కనిపిస్తుంది. ముఖ్యంగా ఎడమవైపు వెనుక చక్రం వద్ద 185 టైరు రెక్క లోపలి అంచుకు రాసుకోవడం ఎంజీబీ యజమానులలో పాత ఫిర్యాదు. ఇద్దరు మనుషులు ఎక్కి, గుంతలో పడినప్పుడే అది బయటపడుతుంది; నిలిపి ఉంచిన కారులో కనిపించదు. పవర్ స్టీరింగు లేని కారు కనుక, వెడల్పు పెరిగినకొద్దీ కారును మలిపి పార్కు చేయడం చేతులకు శ్రమ అవుతుంది. అన్నిటికీ మించి, ఈ కారు నడకలోని ఆనందం సన్నని టైరులోనే ఉంది. పట్టు తప్పే ముందు అది మెల్లగా, ముందస్తు హెచ్చరికతో తప్పుతుంది. వెడల్పైన టైరు ఎక్కువసేపు పట్టి ఉంచి, ఒక్కసారిగా వదిలేస్తుంది.

కుటుంబ కారు కొలతే కలిసొచ్చింది

ఐరోపాలో 165/80 ఆర్ 14 ఇప్పుడు అరుదైన కొలత. అక్కడి యజమానులు పాతకార్ల కోసం ప్రత్యేకంగా తయారయ్యే టైర్ల మీద ఆధారపడతారు. పిరెల్లీ తన పాత సింటురాటో సీఏ67ను 165 హెచ్‌ఆర్ 14 కొలతలో నేటి రబ్బరుతో తిరిగి తయారు చేసింది. అవి చూడముచ్చటగా ఉంటాయి, ధర కూడా తగినట్లే ఉంటుంది. ఇక్కడికి తెప్పించుకోవడం మరీ కష్టం. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో చేర్చడంతో లైసెన్సు అవసరమైంది. నాలుగు టైర్ల కోసం ఆ తతంగానికి పూనుకోవడం సామాన్యులకు అయ్యే పని కాదు.

అదృష్టవశాత్తూ ఆ తిప్పలు అవసరం లేదు. ఐరోపాలో అరుదైన ఆ కొలతే మారుతి స్విఫ్ట్, డిజైర్ కార్లలో దిగువ శ్రేణి రకాలకు అమర్చే కొలత. అందుచేత ఎంఆర్‌ఎఫ్, సియట్, అపోలో, జేకే వంటి దేశీయ సంస్థలన్నీ ఆ కొలతలో టైర్లు తయారు చేస్తున్నాయి. హోసూరు, బళ్లారి, బరంపురం, ఎక్కడి దుకాణంలో అడిగినా దొరుకుతుంది. ఇందులో అపోలోకు తిరుపతి జిల్లా చిన్నపాండూరులో, తమిళనాడు సరిహద్దుకు చేరువలో, 2020లో ఉత్పత్తి మొదలైన కర్మాగారం ఉంది. ఐరోపాలో పాతకార్ల కోసం 'స్ప్రింట్ క్లాసిక్' టైర్లు అమ్మే డచ్ సంస్థ వ్రెడెస్టెయిన్‌ను 2009లో కొనుగోలు చేసింది కూడా అపోలోయే.

స్విఫ్ట్ టైరు స్పోర్ట్స్ కారు వేగానికి, బరువుకు తట్టుకుంటుందా అన్నది న్యాయమైన సందేహం. ఆ కొలత టైర్లపై సాధారణంగా '85 టి' అని ఉంటుంది. 85 అంటే టైరు ఒక్కింటికి 515 కిలోల బరువు, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం. రోడ్‌స్టర్ మొత్తం బరువు దాదాపు 920 కిలోలు, జీటీ అంతకు కొంత అధికం. రోడ్‌స్టర్ గరిష్ఠ వేగం 170 లోపు. కొత్తగా ఉన్నప్పుడు దీనికి కర్మాగారమే ఇచ్చిన 'ఎస్' టైరు హద్దు 180 మాత్రమే. కనుక సందేహానికి తావులేదు. జీటీ వి8 మాత్రం మినహాయింపు. దాని వేగం 200కు చేరుతుంది. మొదటి నుంచీ దానికి 175 హెచ్‌ఆర్ 14 టైర్లే. 'హెచ్', అంటే 210 కిలోమీటర్ల హద్దు గల టైరు తప్ప దానికి మరొకటి ఎక్కించరాదు; 5 అంగుళాల చక్రం కనుక 185/70 ఆర్ 14లో హెచ్ గుర్తు ఉన్నది వెదుక్కోవచ్చు.

దేశీయ టైరుకు ఒక లోపం చెప్పుకోవాలి. ఎక్కువ కిలోమీటర్లు మన్నేలా గట్టి రబ్బరుతో తయారవుతుంది కనుక, తడి రోడ్డుపై పట్టులో సింటురాటోకు సాటి రాదు. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే కారుకు లక్ష కిలోమీటర్ల మన్నికతో పనిలేదన్నది నిజమే. అయినా అరలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఖరీదైన దిగుమతి టైరు కన్నా, మొన్ననే తయారైన స్విఫ్ట్ టైరు నయం.

14 అంగుళాల కొలత చూసి ప్రీమియర్ పద్మిని 5.20-14 నైలాన్ టైర్లు ఎక్కించే పొరపాటు కూడా జరిగేది. అది ఎంజీబీ అసలు క్రాస్‌ప్లై కన్నా సన్ననిది, అంత వేగానికి ఉద్దేశించినదీ కాదు. రేడియల్, నైలాన్ రకాలను ఒకే ఇరుసుపై కలపడం ప్రమాదకరం. అత్యవసరంగా కలపవలసి వస్తే రేడియల్ జత వెనుకే ఉండాలి.

వైరు చక్రాలు, ట్యూబు

వైరు చక్రాల కార్లకు అసలు పరీక్ష ఇక్కడే. స్పోకుల తలలు రిమ్ములోంచి పొడుచుకు వస్తాయి కనుక ఆ రంధ్రాల గుండా గాలి నిలవదు, ట్యూబు తప్పనిసరి. టైరుపై 'ట్యూబ్‌లెస్' అని రాసి ఉన్నా ట్యూబు వేయవలసిందే. రిమ్ములో అంచును పట్టి ఉంచే ఉబ్బు లేని పాత రేకు చక్రాలకూ అదే నియమం.

ట్యూబు రేడియల్ కోసం తయారైనది, 165 వెడల్పుకు తగినది కావాలి. పద్మిని ట్యూబు ఇరుకు. సాగదీసి వాడితే పలుచబడి వేడికి చిరుగుతుంది. స్పోకుల తలలు పొడుచుకు వచ్చిన చోట ఆకురాయితో సమం చేసి, వాటిపై మందమైన రబ్బరు రిమ్ము పట్టీ వేయాలి. టైరు లోపల బార్‌కోడు కాగితాలు ఉంటే పీకివేసి, చేయి పెట్టి తడిమి చూడాలి. నేటి ట్యూబ్‌లెస్ టైర్లలో కొన్నింటికి లోపల గీతలు, గరుకు ఉంటాయి. అవి ట్యూబును కొద్దికొద్దిగా కొరికేస్తాయి. ట్యూబు పగిలితే గాలి క్షణంలో దిగిపోతుంది, టైరు రిమ్ము నుంచి జారుతుంది. ఎండాకాలం హైవేపై అది జరిగితే ప్రాణాపాయం. పైసా ఖర్చు లేని ఆ తడిమి చూసే పనిని దుకాణాలలో దాదాపు ఎవరూ చేయరు. యజమాని దగ్గరుండి చేయించుకోవాలి.

చక్రం ఊడదీసినప్పుడే హబ్బు పళ్లను చూడాలి. పళ్లు పైన చదునుగా ఉంటే మంచిది. కత్తి అంచులా మొనదేలి ఉంటే టైర్ల కన్నా ముందు హబ్బులు, చక్రాలు మార్చాలి. పళ్లు కొట్టుకుపోతే బ్రేకు వేసినా చక్రం ఆగదు. బ్యాలెన్సింగ్ యంత్రంపై వైరు చక్రాన్ని మామూలు కోను ఒకదానితో బిగిస్తే తప్పుడు లెక్క వస్తుంది. హబ్బుపై అది లోపల, బయట రెండు ఏటవాలు గాడులపై కూర్చుంటుంది కనుక రెండువైపులా కోన్లు కావాలి.

వయసు, గాలి

ఇటువంటి కార్ల టైర్లు అరిగి కాదు, ముదిరి పాడవుతాయి. చట్టం ప్రకారం ట్రెడ్ లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. షెడ్డులో ఉండే కారుకు అది ఇరవై ఏళ్లయినా తగ్గదు. అందుకే పక్కగోడపై డీఓటీ వరుస చివరి నాలుగంకెలు చదవాలి: 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే 2000కు ముందుది. ట్రెడ్ ఎంత కొత్తగా ఉన్నా తీసి పారేయాలి. అయిదేళ్లు దాటాక ఏటా తనిఖీ, పదేళ్లకు మార్పు అన్నది మిషెలాన్ సంస్థ సూచన. స్టెపినీకీ ఇదే వర్తిస్తుంది. దాన్ని మరచిపోవడమే ఎక్కువ. కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూసి, ఏడాది లోపు తయారైనవే అడగాలి.

గాలి విషయంలో దుకాణదారు స్విఫ్ట్ అలవాటు ప్రకారం 30కి పైగా నింపేస్తాడు. గాలి లెక్క కారుది, టైరుది కాదు. రోడ్‌స్టర్‌కు కర్మాగారం రేడియల్‌తో చెప్పినది ముందు 21, వెనుక 24 పౌండ్లు. నేటి టైర్లకు రెండు మూడు పౌండ్లు అదనంగా పెట్టి, వెనుక ఎక్కువ ఉండే ఆ తేడాను మాత్రం కాపాడుకోవాలి. వైరు చక్రాల మధ్య నట్లను మెత్తటి సుత్తితో బిగించి, మొదటి యాభై కిలోమీటర్లు నడిచాక మరోసారి సరిచూడాలి.