ఆవిరి నీళ్ళ కథ

గత నెలలో అమెరికా నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. వంటింటి గట్టు మీద పెట్టుకునే చిన్న యంత్రమొకటి కొన్నాడట. నీళ్ళు పోసి మీట నొక్కితే అవి మరిగి, ఆవిరై, చల్లబడి, నాలుగైదు గంటలలో నాలుగు లీటర్ల స్వేదన జలం జాడీలోకి చేరుతుందట. పాత్ర అడుగున మిగిలిన తెల్లటి గారను ఫోటో తీసి మరీ పంపాడు. "మావయ్యా, ఇన్నాళ్ళూ మేము తాగింది ఇదన్నమాట! మన చల్లపల్లిలో ఇటువంటివి ఎవరికీ తెలియవు కదూ?" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా కుటుంబంలో ఆవిరి పట్టిన నీటితో ప్రాణం నిలుపుకున్నవాళ్ళలో అతనూ ఒకడు. అప్పటికి అతని వయసు మూడు నెలలు. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను. ముందుగా మా ప్రాంతపు నీటి చరిత్ర కొంత చెప్పుకోవాలి. అది లేకపోతే ఈ కథకు అర్థం లేదు.

కృష్ణా డెల్టా అనగానే పచ్చని చేలు, నిండు కాలువలు గుర్తుకొస్తాయి. కాని కాలువ నీటిని పక్కన పెట్టి చూస్తే, సముద్రానికి దగ్గరగా పోయేకొద్దీ ఈ నేల అడుగున ఉన్నది చాలాచోట్ల ఉప్పునీరే. బావి తవ్వితే నీళ్ళు పడతాయి, కాని నోట పోసుకోలేము. ఇది ఈనాటి సమస్య కాదు. 1620 ప్రాంతాలలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా బందరులో ఉన్న విలియం మెథ్వొల్డ్, 1626లో అచ్చయిన తన గోల్కొండ రాజ్య వర్ణనలో, ఆ పట్టణంలోని ఊటలన్నీ ఉప్పనివేనని రాసుకున్నాడు. ఓడలతో, వర్తకంతో, అద్దకపు వస్త్రాలతో దేశదేశాలకు పేరు తెలిసిన రేవుకు గుక్కెడు మంచినీళ్ళే కరువు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన అదే పట్టణంలోనూ చుట్టుపక్కలా సుమారు ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉప్పెన మనుషుల్ని తీసుకుపోవడంతో ఊరుకోదు. మిగిలినవాళ్ళ చెరువుల్నీ బావుల్నీ ఉప్పుతో నింపిపోతుంది.

మంచినీళ్ళంటే మాకు కృష్ణమ్మ నీళ్ళే. 1852లో మొదలై 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో కెప్టెన్ ఛార్లెస్ ఓర్ దాన్ని కట్టించాడు. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. ఆనకట్ట వల్ల వరి పండిందని అందరూ చెబుతారు. మా వైపు ఊళ్ళకు అంతకన్న పెద్ద ఉపకారం మరొకటి జరిగింది. ఊరూరా ఉన్న మంచినీళ్ళ చెరువుకు ఏటా నీరు చేరే ఏర్పాటు అది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపేవారు. మళ్ళీ కాలువకు నీళ్ళు వదిలేదాకా ఆ చెరువే ఊరికి ప్రాణం. దానిలో కాళ్ళు కడిగినా, గేదెను దింపినా ఊరంతా కలిసి మందలించేవారు.

చెరువు నీళ్ళను ఇంట్లో బాగుచేసుకునే పద్ధతులు మా అమ్మ తరం వరకు సజీవంగానే ఉన్నాయి. బిందె లోపలి అంచున చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోస్తే తెల్లవారేసరికి మడ్డి అడుగుకు దిగిపోయి పైన నీరు తేరుకునేది. దీనినే ఇండుపగింజ అని కూడా అంటారు, సంస్కృతంలో కతకం. సుశ్రుత సంహితలో నీటిని తేర్చే సాధనాల జాబితాలో దీనిపేరు ఉంది. ఎండలో పెట్టడం, కాచడం, ఎర్రగా కాల్చిన ఇనుమును నీళ్ళలో ముంచడం కూడా ఆ గ్రంథంలో చెప్పినవే. గింజ దొరకనివాళ్ళు పటిక తిప్పేవారు. కొందరు ఇసుక, బొగ్గు పరచిన కుండలను ఒకదానిమీద ఒకటి పెట్టి వడపోసేవారు. కలరా రోజులలో కాచి చల్లార్చిన నీళ్ళు అలవాటయ్యాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. చిల్లగింజ మట్టిని దింపుతుంది. కాచడం క్రిములను చంపుతుంది. బొగ్గు వాసనను లాగుతుంది. ఇవేవీ ఉప్పును ముట్టుకోలేవు. పైగా ఉప్పునీటిని కాచినకొద్దీ నీరు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. నీటిలో కరిగిపోయిన ఉప్పు నుంచి నీటిని విడదీయడానికి మన పూర్వులకు తెలిసిన దారి ఒక్కటే. ఉప్పును పట్టుకునే ప్రయత్నం మాని, నీటినే లేపి పక్కకు తీసుకుపోవాలి. అంటే ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్ళీ పట్టుకోవాలి.

ఈ పని సూర్యుడు సృష్ట్యాది నుంచీ చేస్తున్నాడు. వాన అంటే అదే కదా. సుశ్రుతుడు నీళ్ళన్నింటిలో ఆకాశం నుంచి పడే నీటికే అగ్రస్థానం ఇచ్చాడు. నేల తాకకముందే శుభ్రమైన తెల్లబట్టతో పట్టుకొమ్మన్నాడు. సముద్రపు నీరు ఆవిరైతే తీపి నీరవుతుందనీ, ఆ ఆవిరి చల్లబడితే మళ్ళీ ఉప్పునీరు కాదనీ గ్రీకు దేశపు అరిస్టాటిల్ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రహించాడు. తరువాత కొన్ని శతాబ్దాలకు, నావికులు ఓడలమీద సముద్రపు నీటిని మరిగించి ఆ ఆవిరిని పట్టుకునేవారని అతని వ్యాఖ్యాతలలో ఒకరు రాశారు. 1772లో కెప్టెన్ కుక్ రెండవ సముద్రయానానికి బయలుదేరినప్పుడు, ఛార్లెస్ ఇర్వింగ్ అనే వైద్యుడు రూపొందించిన స్వేదన పరికరం ఓడలో వెంట ఉంది.

మన దేశంలో ఈ విద్య రసవాదుల చేతిలో పెరిగింది. రసరత్న సముచ్చయంలో వర్ణించిన తిర్యక్పాతన యంత్రం చూడండి. ఒక కుండకు ఏటవాలుగా గొట్టం అమర్చి, దాని రెండవ కొసను మరో కుండలో పెడతారు. మొదటిదాని కింద మంట, రెండవదాని చుట్టూ చన్నీళ్ళు. పాదరసాన్ని శుద్ధిచేయడానికి పుట్టిన ఏర్పాటు ఇది. తమాషా ఏమంటే, ఆ శాస్త్రంలో స్వేదనం అంటే ఆవిరిలో ఉడికించడం, బట్టీ పట్టడాన్ని పాతనం అంటారు. మన తెలుగు పాఠ్యపుస్తకాలు మాత్రం బట్టీ పట్టడానికే స్వేదనం అనే పేరు ఖాయం చేశాయి. చెమట అనే అర్థం ఉన్న మాట కాబట్టి, మూత మీద పట్టే బిందువులను చూస్తే ఆ పేరూ బాగానే అమరిందనిపిస్తుంది.

ఈ విద్య ఎక్కడో గ్రంథాలలో ఉండిపోలేదు. పెళ్ళిపందిట్లో చిలకరించే పన్నీరు ఆవిరి పట్టినదే. పసిపిల్లల కడుపునొప్పికి పట్టే వాము అర్కు ఆవిరి పట్టినదే. లంకలలో చాటుమాటుగా కాచిన నాటుసారా కూడా అలా దిగినదే. ఒకే పొయ్యి, ఒకే కుండ, ఒకే గొట్టం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం న్యాయమైనదే. తప్పు కుండది కాదు, అందులో పోసినదానిది.

మరి ఇన్ని తెలిసిన మనవాళ్ళు ఉప్పునీటి ఊళ్ళలో ఇంటింటా నీటిబట్టీలు ఎందుకు పెట్టుకోలేదు? ఈ ప్రశ్నకు జవాబు పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండులో దొరుకుతుంది. మరిగే నీటికి ఎంత వేడి ఇచ్చినా దాని ఉష్ణోగ్రత పెరగదు, ఆ వేడి అంతా ఆవిరిలో దాక్కుంటుంది అని జోసెఫ్ బ్లాక్ 1760 దశకంలో తేల్చాడు. దానినే గుప్తోష్ణం అంటాము. ఒక లీటరు నీటిని గది వేడిమి నుంచి మరిగే స్థితికి తేవడానికి 75 కిలోకేలరీలు చాలు. ఆ మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 540 కావాలి. కరెంటు లెక్కలో లీటరుకు దాదాపు 0.7 యూనిట్లు. మామూలు కట్టెలపొయ్యిలో పదోవంతు వేడి మాత్రమే పాత్రకు చేరుతుందనుకుంటే, లీటరు నీటికి కిలోమూడుపావుల కట్టె. అయిదుగురున్న ఇంటికి రోజుకు 15 లీటర్లనుకుంటే 26 కిలోల కట్టె. ఏ సంసారం తట్టుకోగలదు? తెలియక కాదు, తూగక మానుకున్నారు. కావిడి వేసుకుని రెండు మైళ్ళు నడిచి చెరువు నీళ్ళు తెచ్చుకోవడమే చవక.

ఈ లెక్క వేసినప్పుడల్లా నాకు 1930 గుర్తుకొస్తుంది. ఆ ఏడు ఉప్పు సత్యాగ్రహంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య మొదలైనవారు మా బందరు తీరాన ఉప్పుచట్టాన్ని ధిక్కరించారు. దేశమంతటా తీరాలలో ఉప్పునీరు పొయ్యిల మీద మరిగింది. కుండలో మిగిలిన పిడికెడు ఉప్పు కోసం జనం జైళ్ళకు పోయారు. ఆ కుండలమీది నుంచి లేచిన ఆవిరిలో ఉన్నది మంచినీరు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆనాడు ఆ అవసరమూ లేదు. నలభై ఏడేళ్ళ తరువాత అదే తీరాన, అదే ఉప్పునీటి మీద మూతపెట్టి, ఉప్పును వదిలి ఆవిరిని ఏరుకోవలసిన రోజు వచ్చింది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం లేచి లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. నాకప్పుడు పదేళ్ళు. చల్లపల్లిలో మా ఇంటి పెంకులు లేచిపోయాయి కాని మేమందరం మిగిలాము. నాగాయలంక వైపు ఉన్న మా పెద్దమ్మ సంగతి మాత్రం చాలా రోజుల దాకా తెలియలేదు. ఆ ఇంట్లో మా అక్క, పురిటికి వచ్చిన మనిషి, మూడు నెలల బిడ్డతో ఉంది.

వాళ్ళు అటక మీదికెక్కి బతికారు. నీరు తీసిన తరువాత అసలు కష్టం మొదలైంది. చెరువు నిండా ఉప్పు. అందులో పశువులు, మనుషులు. పడిపోయిన కొబ్బరిచెట్ల బొండాలు మొదటి రెండు రోజులూ ఆదుకున్నాయి. అవి అయిపోయాక, బాలింతకు గొంతు తడవకపోతే పాలు ఎక్కడినుంచి వస్తాయి? అప్పుడు మా పెద్దమ్మ చేసిన పని ఇది. పెద్ద గుండిగలో ఉప్పునీరు పోసింది. మధ్యలో ఇటుక పెట్టి, దానిమీద గిన్నె పెట్టింది. గుండిగ మూతిమీద గుండ్రటి అడుగున్న మరో పాత్రను చన్నీళ్ళతో నింపి కూర్చోబెట్టింది. చుట్టూ తడిబట్ట బిగించి మంట పెట్టింది. ఆవిరి పైపాత్ర అడుగున చెమర్చి, చుక్క చుక్కగా గిన్నెలో పడింది. గంటకు గ్లాసు నీళ్ళు దిగాయట. పైపాత్రలో నీళ్ళు వేడెక్కినప్పుడల్లా మార్చవలసి వచ్చేదట.

"ఎక్కడ నేర్చావు పెద్దమ్మా?" అని నేను పెద్దవాడినయ్యాక అడిగాను. ఆమె కొంచెం సిగ్గుపడింది. "లంకలో సారా కాచేవాళ్ళు అట్టాగే పెడతారురా, చిన్నప్పుడు చూశాను" అంది. మరి పొయ్యిలోకి ఏం పెట్టావంటే, కాసేపు మాట్లాడలేదు. ఊరంతా తడిసిపోయి చితుకు కూడా అంటుకోలేదట. ఆరి ఉన్న కట్టె ఒక్క అటక మీదనే ఉంది. మా పెదనాన్న అటక బల్లలు ఊడదీసి చీల్చి ఇచ్చాడు. తమను బతికించిన అటకనే కాల్చి నీళ్ళు కాచుకున్నారు. మూడు రోజులు అలా గడిచాక సహాయం చేసేవాళ్ళు మంచినీళ్ళతో వచ్చారు.

గుప్తోష్ణం లెక్క నాకు కళాశాలలో చెప్పారు, పరీక్షలో మార్కులూ వచ్చాయి. కాని దాని అర్థం తెలిసింది ఆ రోజున. లీటరు నీటికి ఎన్ని కిలోల కట్టె అన్నది పుస్తకంలో ఒక అంకె. ఆమెకది ఒక్కొక్క అటక బల్ల.

ఇప్పుడు మా ఊళ్ళో కావిళ్ళు లేవు, చిల్లగింజ అడిగితే కొట్లలో వింతగా చూస్తారు. ఇరవై లీటర్ల డబ్బాలు వచ్చాయి. పొరల గుండా నీటిని నెట్టి ఉప్పును ఆపే ఆర్వో పద్ధతికి 1960 ప్రాంతంలో అమెరికాలో లోబ్, మన దేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి దారి వేశారు. నీటిని ఆవిరి చేయనక్కరలేదు కనుక దానికి విద్యుత్తు చాలా తక్కువ సరిపోతుంది. అయితే అది కొంత నీటిని మంచిది చేసి, మిగతాదాన్ని మరింత ఉప్పగా చేసి బయటికి పంపుతుంది. స్వేదనానికీ లోపాలున్నాయి. నీటికన్న ముందే ఆవిరయ్యే రసాయనాలు ఆవిరితోపాటే వచ్చేస్తాయి. అందుకే మొదట దిగిన కాసిని నీళ్ళు పారబోయాలి. ఉప్పుతోపాటు మేలుచేసే ఖనిజాలూ పోతాయి, రుచి చప్పబడుతుంది.

ఇవన్నీ మా మేనల్లుడికి రెండవసారి ఫోనులో చెప్పాను. అటక సంగతి అతనికి తెలియదట. మా అక్క ఎన్నడూ చెప్పలేదట. చాలాసేపు అటువైపు నుంచి మాట లేదు. తరువాత, "అమ్మమ్మ వాడిన గుండిగ ఇంకా ఉందా మావయ్యా?" అని అడిగాడు.

ఉంది. మా పెరట్లో, అడుగు నల్లబడి, వాననీళ్ళు పట్టుకోవడానికి చూరు కింద పెట్టి ఉంది.