రాత్రి బస – ఇంటి రాత్రి: ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులో రవాణా కార్మికుల పనివేళల చరిత్ర

వ్యాససంగ్రహం: రవాణా రంగంలో పనిచేసేవారు డ్యూటీ ముగిశాక ఏ ఊరిలో నిద్రించాలన్నది షెడ్యూలు నిర్ణయిస్తుంది. బస్సు, రైలు, విమానం – ఈ మూడింటిలోనూ కార్మికుల పోరాటాలు, చట్టాలు ప్రధానంగా విశ్రాంతి గంటల చుట్టూ సాగాయి. ఆ గంటలు సొంత ఇంట్లో గడవాలన్న అంశం వాటిలో పాక్షికంగానే చోటుచేసుకుంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని ఆర్టీసీ 'నైట్ హాల్ట్' సర్వీసులను కేంద్రంగా తీసుకుని, రైల్వే, విమానయాన నియమాలతో పోలుస్తూ, ఇంటి రాత్రికి పనివేళల చరిత్రలో ఉన్న స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆర్టీసీ, నైట్ హాల్ట్, పనివేళలు, భద్రాచలం, రన్నింగ్ స్టాఫ్, స్థానిక రాత్రి, మహిళా కండక్టర్లు.

1. ఉపోద్ఘాతం

పగలంతా పనిచేసి పొద్దుగూకే వేళకు ఇల్లు చేరడం చాలా వృత్తులలో ఎవరినీ అడిగి పొందవలసిన విషయం కాదు. బస్సు డ్రైవరు, రైలు లోకో పైలట్, విమాన పైలట్ విషయంలో అది డ్యూటీ చార్టు మీద ఆధారపడుతుంది. చార్టులో పేరు ఏ వరుసలో పడిందో చూసుకున్న తర్వాతే ఆ రాత్రి ఇంట్లో అన్నం తినడం ఉందో లేదో తెలుస్తుంది. పిల్లల చదువు, పెద్దల వైద్యం, భార్యాభర్తల మధ్య ఇంటిపని పంపకం అన్నీ ఆ వరుసను బట్టి సర్దుకోవలసిందే.

ఆర్టీసీ కార్మికుల వాడుకలో దీనికి రెండు మాటలున్నాయి. చివరి ట్రిప్పు ముగిసిన ఊరిలోనే బస్సు రాత్రి ఆగిపోతే అది 'నైట్ హాల్ట్'. ఆ బస్సుతో వెళ్లిన సిబ్బందికి అది 'నైట్ ఔట్'. మొదటిది బస్సును బట్టి వచ్చిన మాట, రెండవది ఇంటిని బట్టి వచ్చిన మాట. ఒకే రాత్రిని సంస్థ ఒక విధంగా, కార్మికుడు మరొక విధంగా లెక్కించడం ఈ రెండు మాటలలో కనిపిస్తుంది. ఈ వ్యాసానికి ఆ భేదమే ఆధారం.

2. ఒకే యాజమాన్యం కింద మూడు దారులు

హైదరాబాద్ సంస్థానంలో రైలు, రోడ్డు, విమాన రవాణాలు నిజాం స్టేట్ రైల్వే నీడలోనే పెరిగాయి. 1889 నాటికి రైలుమార్గం ఖమ్మం మీదుగా బెజవాడను చేరింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో నిజాం ప్రభుత్వం భాగస్వామి. 1953లో విమానయాన జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. రోడ్డు రవాణా విభాగం 1951 నవంబరులో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి బదిలీ అయి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపుదిద్దుకుంది.

రోడ్డు రవాణా రైల్వే ఒడిలో పుట్టడం వల్ల డిపో, డ్యూటీ చార్టు, ప్రయాణ భత్యం వంటి ఏర్పాట్లలో రెండింటి మధ్య పోలికలు ఉండడం సహజం. అయితే రైల్వే తన సిబ్బందికి బయటి స్టేషన్లలో 'రన్నింగ్ రూమ్' పేరిట వంట, పడక సౌకర్యంతో విడిది కట్టింది. బస్సు ఆగే పల్లెలలో అటువంటిది సాధారణంగా లేదు. బస్సు సీట్ల మీదనో, పంచాయతీ కార్యాలయంలోనో, బడి వరండాలోనో పడుకుని, తెల్లవారుజామునే బావి దగ్గరో బోరింగు దగ్గరో స్నానం ముగించుకుని మొదటి ట్రిప్పు తీయడం నైట్ హాల్ట్ సిబ్బందికి మామూలు జీవితం.

ఇదే ప్రాంతంలోని సింగరేణి గని కార్మికుని స్థితి దీనికి భిన్నం. గని కదలదు. కాబట్టి కంపెనీ ఇంటినే గని దగ్గరకు తెచ్చింది. కొత్తగూడెం, ఇల్లందులలోని కార్మిక కాలనీలు ఆ విధంగా వెలిశాయి. మూడు షిఫ్టులలో ఏ షిఫ్టు పడినా గని కార్మికుడు తిరిగి చేరేది తన క్వార్టరుకే. గని నుంచి బొగ్గును తరలించే గూడ్సు రైలు సిబ్బందికి ఆ హామీ లేదు. గూడ్సు రైళ్లకు ప్రయాణికుల రైళ్ల వంటి నిశ్చిత వేళలు లేకపోవడం, పిలుపు వచ్చినప్పుడే డ్యూటీకి కదలడం అందుకు కారణం. ఒకే బొగ్గు చుట్టూ పనిచేసే ఇద్దరు కార్మికులలో ఒకరికి ఇల్లు దగ్గరైంది, మరొకరికి దూరమైంది.

3. గోదావరి, వంతెన, ఆఖరి బస్సు

భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేవి. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో అవి ఆ సంవత్సరం కలిశాయి. జిల్లా ఒకటైనా మధ్యన గోదావరి ఉంది. ఖమ్మం, కొత్తగూడెం వైపు నుంచి వచ్చే ప్రయాణికులు బూర్గంపాడు వైపు ఒడ్డున దిగి పడవల మీద నది దాటవలసి వచ్చేది. 'భద్రాచలం రోడ్' అనే రైల్వే స్టేషను భద్రాచలానికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. రైలు అక్కడే ఆగిపోగా మిగిలిన దూరం రోడ్డుదే అయింది.

1965 జూలైలో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భద్రాచలం వంతెనను ప్రారంభించారు. ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. నది అడ్డు తొలగాక ఒక బస్సు ఒకే రోజులో వెళ్లి రావడానికి వీలైన దూరం అది. అదే సమయంలో చర్ల, వెంకటాపురం, కూనవరం, చింతూరు వైపు అడవి పల్లెలకు భద్రాచలం ఒక కూడలిగా బలపడింది. కనుక వంతెన రాత్రి బసను తొలగించిందనడం కన్నా, నది ఒడ్డు నుంచి అడవి అంచుకు జరిపిందని భావించడం సమంజసం.

నైట్ హాల్ట్ వెనుక ఉన్న లెక్క తేలికైనదే. భద్రాచలం నుంచి చర్ల సుమారు 60 కిలోమీటర్లు. సాయంత్రం జనంతో వెళ్లిన ఆఖరి బస్సు ఆ రాత్రే డిపోకు తిరిగి వస్తే దాదాపు ఖాళీగా రావాలి. మరునాడు ఉదయం అక్కడి ప్రయాణికుల కోసం తెల్లవారకముందే మళ్లీ ఖాళీగా వెళ్లాలి. అంటే ఒక్క సర్వీసుకు రోజూ 120 కిలోమీటర్ల వృథా డీజిలు. బస్సు రాత్రి అక్కడే ఉంటే ఆ ఖర్చంతా మిగులుతుంది. దానికి బదులుగా సంస్థ ఇద్దరు మనుషులకు నైట్ ఔట్ భత్యం చెల్లిస్తుంది. డీజిలు ఖర్చు కన్నా భత్యం చౌక అయినంతకాలం నైట్ హాల్ట్ కొనసాగుతుంది.

పల్లె వైపు నుంచి చూస్తే దీనికి మరొక విలువ ఉంది. మొదటి బస్సు ఊరిలోనే ఉండడం వల్ల జ్వరంతో ఉన్న బిడ్డను తల్లి పొద్దున్నే భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోగలదు. కాలేజీ విద్యార్థి సమయానికి తరగతికి చేరగలడు. కూరగాయలు, అటవీ ఉత్పత్తులు అమ్ముకునేవారు సంతకు అందుకోగలరు. ఏజెన్సీలోని కోయ గూడేలకు ఆ ఉదయపు బస్సు ఆసుపత్రికీ బడికీ సంతకూ దారి. అందువల్ల కార్మికుని ఇంటి రాత్రి, పల్లె ఉదయం ఒకే తాడుకు రెండు కొసలయ్యాయి. నైట్ హాల్ట్ రద్దయితే కార్మికునికి ఊరట, పల్లెకు నష్టం. కొనసాగితే పల్లెకు మేలు, కార్మికుని కుటుంబానికి లోటు.

దీనికి అటవీ సరిహద్దు పరిస్థితులు తోడయ్యాయి. మావోయిస్టుల బంద్ పిలుపుల రోజులలో భద్రాచలం నుంచి అడవి మార్గాలలో వెళ్లే రాత్రి సర్వీసులను నిలిపివేయడం పరిపాటిగా ఉండేది. బస్సులు దగ్ధమైన ఘటనలూ ఉన్నాయి. కార్మికుడు ఇంట్లో నిద్రించిన రాత్రులలో కొన్ని భయం వల్ల దక్కినవేనన్నది ఈ చరిత్రలోని విషాదం. రాష్ట్ర విభజన మరొక చిక్కును తెచ్చింది. 2014లో కూనవరం, చింతూరు మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవగా భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. జిల్లా లోపలి సర్వీసులు అంతర్రాష్ట్ర సర్వీసులయ్యాయి. 2020 నవంబరులో రెండు సంస్థల మధ్య కుదిరిన ఒప్పందం కిలోమీటర్ల సమతూకాన్ని ప్రాతిపదికగా తీసుకుంది.

4. చట్టం లెక్కించిన గంటలు

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. దాని ప్రకారం పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మించరాదన్న నిబంధన ఉండేది. దూరప్రాంత మార్గాలలోనూ, ప్రకటించిన పండుగ సందర్భాలలోనూ అనుమతితో రోజుకు పది, వారానికి 54 గంటల వరకు పొడిగించడానికి వీలుండేది. శ్రీరామనవమికి లక్షలాది భక్తులు చేరే భద్రాచలం వంటి క్షేత్రాలలో ఈ మినహాయింపుకు ఉండిన ప్రాధాన్యం చెప్పనక్కరలేదు. ఒకరోజు డ్యూటీ ముగింపుకు, మరుసటి రోజు డ్యూటీ మొదలుకు మధ్య కనీసం తొమ్మిది గంటల ఎడతెగని విశ్రాంతి ఉండవలసి ఉండేది. రాత్రి ఆగవలసివచ్చే ప్రతిచోటా యజమాని విశ్రాంతి గదులు కల్పించవలసి ఉండేది.

ఈ చివరి నిబంధన గమనించదగినది. రాత్రి బయట ఉండవలసిరావడాన్ని చట్టం సహజంగా స్వీకరించింది. ఆ బయటి రాత్రికి గది కోరిందే తప్ప, నెలలో అటువంటి రాత్రులు ఎన్ని ఉండవచ్చో ఆ పనిగంటల నిబంధనలలో చెప్పలేదు. బస్సు సీటు మీద గడిచిన తొమ్మిది గంటలూ, ఇంట్లో గడిచిన తొమ్మిది గంటలూ విశ్రాంతి లెక్కలో సమానమే.

రైల్వేలో ఈ రెండింటి మధ్య భేదం గుర్తింపు పొందింది. లోకో రన్నింగ్ సిబ్బంది 1973లో చేసిన పోరాటం డ్యూటీలో చేరిన క్షణం నుంచి దిగే వరకు పది గంటలు మించరాదన్న ఒప్పందాన్ని సాధించింది. నేటి నియమాలలో ఎనిమిది గంటలు లేదా అంతకు మించిన డ్యూటీ చేసినవారికి కేంద్రస్థానంలో 16 గంటల విశ్రాంతి, బయటి స్టేషనులో ఎనిమిది గంటల విశ్రాంతి ఉన్నాయి. ఇంటి దగ్గర గడిపే కాలానికి వేరే విలువ ఉందని ఈ నియమం పరోక్షంగా ఒప్పుకుంది. కేంద్రస్థానం నుంచి కదిలినవారిని 36 గంటలలోగా తిరిగి చేర్చాలన్నది లోకో పైలట్ల సంఘాల డిమాండ్లలో ఒకటి.

విమానయాన నియమాలు రాత్రికి నిర్వచనమే ఇచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఎనిమిది మధ్య ఎనిమిది గంటల వ్యవధిని అవి 'స్థానిక రాత్రి'గా పరిగణిస్తాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో సవరించిన నియమాలు వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచి, అందులో రెండు స్థానిక రాత్రులు ఉండాలన్నాయి. రాత్రివేళ ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. 2025 నవంబరులో ఇవి పూర్తిగా అమలులోకి రాగా, డిసెంబరు మొదటి వారంలో తగినంత మంది పైలట్లు లేక ఇండిగో సంస్థ వేలాది విమానాలను రద్దు చేయవలసివచ్చింది. విశ్రాంతికి సరిపడా మనుషులను నియమించుకోకపోతే షెడ్యూలు ఎంత పెళుసుగా ఉంటుందో ఆ సంఘటన చూపింది.

హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి వంటి దగ్గరి నగరాలకు వెళ్లి అదే రోజు తిరిగివచ్చే పైలట్ రాత్రికి ఇంట్లో ఉండగలడు. దూర సర్వీసు పైలట్‌కు హోటలు గది తప్పదు. జీతంలోనూ సౌకర్యంలోనూ పైలట్‌కూ పల్లె బస్సు డ్రైవరుకూ పోలిక లేదు. ఇంటికి చేరడం చివరి ట్రిప్పు ఎక్కడ ముగుస్తుందన్న దానిపై ఆధారపడడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే స్థితి.

5. ఎనిమిది గంటల గడువు – మహిళా కార్మికులు

2019 అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. అది ముగిశాక డిసెంబరు 1న కార్మికులతో జరిగిన సమావేశంలో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు మహిళా ఉద్యోగుల డ్యూటీ రాత్రి ఎనిమిది గంటలకల్లా ముగియాలని ప్రకటించారు. ఇంటికి చేరే వేళను దృష్టిలో ఉంచుకుని పనివేళను నిర్ణయించిన ప్రకటనగా దీనికి ఈ చరిత్రలో విశిష్ట స్థానం ఉంది.

అయితే ఆ ప్రకటన వెలువడిన సందర్భాన్ని కూడా చూడాలి. కొద్ది రోజుల ముందే హైదరాబాద్ శివార్లలో యువ పశువైద్యురాలిపై జరిగిన అఘాయిత్యం రాష్ట్రాన్ని కుదిపేసింది. కాబట్టి ఎనిమిది గంటల గడువు రక్షణ చర్యగా వచ్చింది, కార్మిక హక్కుగా రాలేదు. దాని పర్యవసానాలు రెండు. మహిళలు తప్పుకున్న రాత్రి డ్యూటీలు సిబ్బంది పెరగకపోతే పురుషుల వాటాలోకి చేరుతాయి. రెండవది, ఇల్లు, పిల్లలు స్త్రీల బాధ్యతే అన్న భావన చార్టులోకి కూడా ప్రవేశిస్తుంది. రాత్రి ఇంట్లో తండ్రి అవసరం కూడా ఉందని ఒప్పుకున్ననాడే ఈ గడువు పనివేళల చరిత్రలో ముందడుగు అవుతుంది.

6. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలివి:

• బస్సు కార్మికుల చట్టం విశ్రాంతిని గంటలలో కొలిచింది. రైల్వే నియమాలు కేంద్రస్థానాన్నీ బయటి స్టేషనునూ వేరుచేశాయి. విమానయాన నియమాలు రాత్రిని నిర్వచించాయి. ఈ మూడింటిలో ఏదీ ఇంటి రాత్రిని హక్కుగా పేర్కొనలేదు.

• నైట్ హాల్ట్ వల్ల సంస్థకు మిగిలే ఇంధనం లెక్కకు అందుతుంది. కార్మిక కుటుంబం కోల్పోయే రాత్రి భత్యం రూపంలో తప్ప లెక్కకు రాదు.

• అడవి పల్లె ఉదయపు బస్సునూ, కార్మికుని ఇంటి రాత్రినీ పోటీదారులుగా నిలపడం అనివార్యం కాదు. నైట్ హాల్ట్ ఊరే డ్రైవరు సొంత ఊరైతే అదే సర్వీసు అతన్ని ఇంటికి చేరుస్తుంది. ఏజెన్సీ పల్లెల యువతకు ఆ మార్గాలలోనే ఉద్యోగాలు కల్పించడం, మిగిలినచోట్ల 1961 చట్టం కోరిన విశ్రాంతి గదులను నిజంగా కట్టడం, బయటి రాత్రులకు నెలవారీ పరిమితి విధించడం – ఈ మూడూ పరిశీలించదగిన మార్గాలు.

డిపోలలోని పాత డ్యూటీ చార్టులు, నైట్ ఔట్ భత్యం రిజిస్టర్లు ఈ చరిత్రకు ప్రథమ ఆధారాలు. ఏ ఊరికి ఏ సంవత్సరం బస్సు వెళ్లిందన్న వివరంతో పాటు, ఆ బస్సును నడిపినవారు ఎన్ని రాత్రులు ఇంటికి దూరంగా ఉన్నారన్న వివరమూ వాటిలో నమోదై ఉంటుంది. చార్టులు చిత్తుకాగితాల కింద పోకముందే వాటిని సేకరించి అధ్యయనం చేస్తే ఖమ్మం, భద్రాచలం ప్రాంత రవాణా చరిత్ర కార్మికుని ఇంటి వైపు నుంచి కూడా రాయడానికి వీలవుతుంది.