చుట్టకు మార్కులు: పేరు దాచిన పరీక్ష చరిత్ర

నడికుడి, గురజాల, మాచర్ల ప్రాంతముల నుండి మిరపకాయల టిక్కీలు గుంటూరు యార్డుకు చేరును. కొనుగోలుదారుడు ఒక టిక్కీలో చేయి పెట్టి గుప్పెడు కాయలు తీయును. రంగు చూచును, తాలు ఎంత ఉన్నదో చూచును, ఒక కాయను విరిచి వాసన చూచును. అంతట ధర పలుకును. పొగాకు కొనువాడు చేయునదియు దాదాపు ఇదియే. ఇచ్చట ఉష్ణమాపకము లేదు, సూక్ష్మదర్శిని లేదు. కన్ను, ముక్కు, నాలుక, వ్రేళ్ళు - ఇవియే సాధనములు. రైతు ఏడాది కష్టము ఈ సాధనములు చెప్పు తీర్పుపై ఆధారపడి ఉన్నది.

ఏ కొలత సాధనమునైనను మనము రెండు ప్రశ్నలు అడుగవలెను. అది ఒకరి వైపు మొగ్గు చూపుచున్నదా? ఒకే వస్తువును రెండు మార్లు కొలిచినచో ఒకే కొలత వచ్చుచున్నదా? మొదటిది న్యాయమునకు సంబంధించిన ప్రశ్న. రెండవది నిలకడకు సంబంధించినది. ఈ రెండును ఒకటే అని చాలమంది అనుకొందురు. కాని న్యాయముగా ఉన్న త్రాసు కూడ నిలకడ లేనిది కావచ్చును. రుచి చూచి మార్కులు వేయు పద్ధతుల చరిత్ర ఈ భేదమును చక్కగా తెలియజేయును.

గుంటూరు పొగాకు నేర్పిన పాఠము

గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు సాగు 1920 తరువాత వ్యాపించినది. ఎగుమతి పెరిగిన కొలది గ్రేడుల తగాదా కూడ పెరిగినది. 1937లో వ్యవసాయోత్పత్తుల గ్రేడింగు, మార్కింగు చట్టము వచ్చినది. మనమెరిగిన ఆగ్‌మార్క్ ముద్రకు ఆధారము ఈ చట్టమే. తరువాత ఎగుమతి పొగాకునకు ఈ గ్రేడింగు తప్పనిసరి అయినది. విదేశములోని కొనుగోలుదారునకు దీనివలన భరోసా కలిగినది. కాని ఊరిలో రైతు సరకును కొనునప్పుడు గ్రేడు చెప్పువాడును, సొమ్ము చెల్లించువాడును చాల సందర్భములలో ఒక్కడే. వాదియే న్యాయాధికారి పీఠముపై కూర్చున్నట్లు!

పొగాకు బోర్డు చట్టము 1975లో చేయబడి, గుంటూరు కేంద్రముగా బోర్డు 1976 జనవరి 1న ఏర్పడినది. బోర్డు ఆధ్వర్యమున బహిరంగ వేలములు 1984లో కర్ణాటకలోను, 1985లో ఆంధ్రప్రదేశ్‌లోను ప్రారంభమైనవి. నలుగురు కొనుగోలుదారులు ఒకే బేలును చూచి పోటీగా పాడుకొనుట వలన ఒక్కని ఇష్టము చెల్లుబాటు కాదు. తీర్పు చెప్పువానిని లాభము పొందువాని నుండి వేరు చేయవలెనను సూత్రము దీనిలో ఉన్నది. ఇది న్యాయము వైపు వేసిన అడుగు.

పేరు దాచుట

న్యాయము కొరకు మరియొక ఉపాయము కూడ ఉన్నది. అది పేరు దాచుట. ఉపాధ్యాయులకు ఇది క్రొత్త కాదు. పబ్లిక్ పరీక్షల జవాబు పత్రములపై విద్యార్థి పేరు కనబడనీయరు. ఇట్టి పరీక్షను 'అజ్ఞాత పరీక్ష' అందము.

మన లంక పొగాకు చుట్టయు, క్యూబా దేశపు సిగారును ఒకే జాతివి. రెండింటిలోను ఉన్నది ఆకులో చుట్టిన ఆకే. అయితే పేరుపొందిన సిగార్ ఖరీదులో ఆకు వెలతోపాటు పేరు వెల కూడ కలిసియుండును. 1992లో అమెరికాలో 'సిగార్ అఫిసియొనాడో' అను పత్రిక ప్రారంభమై, సిగార్లకు 100కు ఇన్ని అని మార్కులు వేయసాగినది. కంపెనీ పేరుగల కాగితపు పట్టీని తీసివేసి, అంకె మాత్రమే వ్రాసిన పట్టీని తొడిగి పరీక్షకులకు ఇత్తురు. రూపము, చుట్టిన తీరు, రుచి, కాలు పద్ధతి, మొత్తము మీద కలిగిన అభిప్రాయము - వీనిని బట్టి మార్కులు వేయుదురు. 90 దాటిన సరుకునకు గిరాకి పెరుగును. కావున ఒకటి రెండు మార్కులు కూడ వ్యాపారికి పెద్ద విషయమే.

పేరు దాచుట మంచి పద్ధతియే. కాని అది పూర్తిగా దాగునా? సిగార్ పొడవు, ఆకారము, పైఆకు రంగు కనబడుచునే ఉండును. అనుభవజ్ఞుడు వీనిని బట్టియే తయారీదారుని ఊహింపగలడు. కన్ను నాలుకను ఎంతగా మోసగింపగలదో 2001లో ప్రకటింపబడిన ఒక ఫ్రెంచి పరిశోధన చూపినది. బోర్డో నగరములో ద్రాక్షసారా శాస్త్రము చదువు 54 మంది విద్యార్థులకు తెల్ల ద్రాక్షసారాలో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చిరి. వారు దాని వాసనను వర్ణించుటకు ఎర్ర ద్రాక్షసారాకు వాడు మాటలనే వాడిరి!

ఎనిమిది కప్పుల టీ

పేరు దాచిన తరువాత కూడ రెండవ ప్రశ్న మిగిలియే ఉన్నది. తీర్పరికి నిజముగా భేదము తెలియుచున్నదా, లేక గ్రుడ్డి లెక్కగా చెప్పుచున్నాడా? ఈ ప్రశ్నకు గణితము ద్వారా సమాధానము చూపినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫిషర్. 1935లో ప్రకటించిన 'ప్రయోగముల రూపకల్పన' అను గ్రంథములో ఆయన ఒక ఉదాహరణ ఇచ్చెను. కప్పులో ముందు పాలు పోసిరో, ముందు టీ పోసిరో రుచిని బట్టి చెప్పగలనని ఒక స్త్రీ అనెను. ఫిషర్ ఎనిమిది కప్పులు పెట్టుమనెను. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. వరుసను చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయింపవలెను.

ఎనిమిదింటిలో నాలుగింటిని ఎన్ని విధముల ఎన్నుకొనవచ్చును? 70 విధముల. వానిలో ఒక్కటే పూర్తిగా సరియైనది. కనుక ఏమియు తెలియనివాడు అన్నియు సరిగా చెప్పుటకు 70లో ఒక వంతు మాత్రమే అవకాశమున్నది. నాలుగింటిలో మూడు మాత్రమే సరిగా చెప్పు విధములు 16. అనగా మూడుగాని, నాలుగుగాని సరిగా చెప్పుటకు 70లో 17 వంతులు అవకాశమున్నది. ఇది ఇంచుమించు నాలుగింట ఒక వంతు. అందుచేత మూడు సరిగా చెప్పినంత మాత్రమున నేర్పు ఉన్నదని నమ్మరాదు. ఆ స్త్రీ గెలిచినదో లేదో ఫిషర్ తన గ్రంథములో చెప్పలేదు. ఆయనకు ముఖ్యము ఫలితము కాదు, పద్ధతి. వస్తువును పరీక్షించుటకు ముందు తీర్పరినే పరీక్షింపవచ్చునని ఆయన చూపెను.

ఒకే సీసా, మూడు మార్కులు

తీర్పరులను ఈ విధముగా పరీక్షించిన ప్రసిద్ధ ప్రయోగము సిగార్లపై కాక ద్రాక్షసారాపై జరిగినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో 2005 నుండి 2008 వరకు హాడ్జ్‌సన్ అను పరిశోధకుడు దీనిని జరిపెను. తీర్పరుల ముందుంచిన సుమారు 30 నమూనాలలో మూడు ఒకే సీసానుండి పోసినవి. ఆ సంగతి వారికి తెలియదు. మూడింటికిని ఒకే పతకమునకు తగిన మార్కులు వేసినవారు సుమారు 10 శాతము మాత్రమే. మరియొక 10 శాతము మంది ఒకే సీసాలోని సారాకు ఒకమారు కంచు పతకమునకు, మరియొకమారు స్వర్ణ పతకమునకు తగిన మార్కులు వేసిరి. సాధారణ తీర్పరి మార్కులు అటు నాలుగు, ఇటు నాలుగు చలించినవి. అనగా 90 వచ్చినది 86 కావచ్చును, 94 కావచ్చును.

వారిలో ఎవరును మోసగాండ్రు కారు. పేర్లు దాచబడియే ఉన్నవి. న్యాయము ఉన్నది, నిలకడ లేదు. ముందు చూచిన నమూనా ప్రభావము, నాలుక అలసట, ఆనాటి మనఃస్థితి - ఇవి అన్నియు మార్కులలో కలియును.

సిగార్ విషయము ఇంతకంటె చిక్కైనది. ఒకే సీసానుండి మూడు గ్లాసులు పోయవచ్చును; ఒకే సిగార్‌ను ముగ్గురికి పంచలేము. చేతితో చుట్టినది కావున ఒకే పెట్టెలోని రెండు సిగార్లు కూడ సరిగా ఒకటి కావు. ఒకదానిలో ఆకు బిగువు ఎక్కువ, మరియొకదానిలో తేమ ఎక్కువ. మార్కులు మారినచో తీర్పరి మారెనా, సిగార్ మారెనా అని తేల్చుట ఎట్లు? ఒక పెట్టెనుండి అనేక సిగార్లు తీసి, వేరు వేరు అంకెలు వేసి, వేరు వేరు దినములలో పలువురికి ఇచ్చి సగటు కట్టవలెను. ఒకటి రెండు సిగార్లు కాల్చి 89 అనియు 91 అనియు చెప్పినచో, ఆ రెండు మార్కుల భేదమునకు అర్థము బహు స్వల్పము.

మిరప ఘాటు ఎట్లు కొలతకు లొంగినది?

నాలుక తీర్పు స్థానములో యంత్రపు కొలత వచ్చిన సందర్భములు కూడ ఉన్నవి. దానికి మన మిరపయే ఉదాహరణ. 1912లో స్కోవిల్ అను అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు మిరప సారమును తీపినీటిలో పలుచన చేయుచు, కారము తెలియకుండ పోవు వరకు రుచి చూపించెను. ఎన్ని రెట్లు పలుచన చేయవలసివచ్చినదో అదియే ఘాటు అంకె. గుంటూరు సన్నమునకు 35,000 నుండి 40,000 అని చెప్పుదురు. కాని దీనిలోను సాధనము నాలుకయే. నాలుగైదు నమూనాలు చూచు సరికి అది మొద్దుబారును. తరువాత క్రొమటోగ్రఫీ పద్ధతిచే కాప్సైసిన్, దాని జాతి పదార్థములను నేరుగా కొలుచుట సాధ్యమైనది. నేడు ప్రయోగశాలలు పది లక్షల పాళ్ళలో ఒక పాలు ఉన్నచో సుమారు 16 ఘాటు అంకెలుగా లెక్కింతురు.

ఘాటునకు కారణము ఒకే జాతి పదార్థములు కావున ఇది సాధ్యమైనది. పొగాకులోను నికోటిన్, చక్కెర, క్లోరైడులను కొలువవచ్చును. అయితే 'పరిమళము', 'మొత్తము అభిప్రాయము' అనువానిని సూచించు ఒకే పదార్థము లేదు. కొలువగలిగిన దానిని యంత్రమునకు విడిచి, మిగిలినదానికే మనుష్యుని తీర్పు కోరుట వివేకము.

తరగతిలో చేయదగిన ప్రయోగము

పంచదార పానకము నాలుగు గ్లాసులు, అంతే తీపిగల బెల్లపు పానకము నాలుగు గ్లాసులు తయారు చేయుడు. రంగు కనబడకుండ విద్యార్థి కండ్లకు గంత కట్టుడు. ఒకరు చీట్లు తీసి వరుస నిర్ణయించి గ్లాసులకు అంకెలు వేయవలెను. వరుస తెలియని మరియొకరు అందింపవలెను. ఫలితమును ఫిషర్ లెక్కతో పోల్చుడు. మరునాడు అదే విద్యార్థికి మరల పెట్టుడు. రెండు దినముల జవాబులు కలియుచున్నవా? పొగాకుతో మాత్రము ఇట్టి ప్రయోగము చేయరాదు. 95 మార్కుల సిగార్ పొగలోను కాన్సరు కలిగించు పదార్థములు ఉన్నవి. శ్రీకాకుళము ప్రాంతములో చుట్ట నిప్పును నోటిలో ఉంచి కాల్చు అడ్డపొగ అలవాటు వలన అంగిలికి కాన్సరు వచ్చుచున్నట్లు వైద్యులు కనుగొనిరి. రుచికి వేసిన మార్కు ఆరోగ్యమునకు వేసిన మార్కు కాదు.

ఇక ఉపాధ్యాయులు తమ ఎర్ర సిరా కలమును కూడ ఒకమారు పరిశీలింపవచ్చును. 1912లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అను పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పత్రమును అనేక ఉన్నత పాఠశాలలకు పంపిరి. దానికి 100కు 64 నుండి 98 వరకు మార్కులు వచ్చినవి. పేరు దాచుట వలన పక్షపాతము తగ్గును. తీర్పు నిలకడ దానివలన పెరుగదు. అందుకు మరల మరల కొలువవలెను, పలువురిచే కొలిపింపవలెను, కొలతతోపాటు దాని పొరపాటు హద్దును కూడ చెప్పవలెను. ఈ హద్దు చెప్పకుండ వేసిన అంకె సిగార్‌పై ఉన్నచో నష్టము స్వల్పము. అదే అంకె రైతు బేలుపైన గాని, విద్యార్థి పత్రముపైన గాని ఉన్నచో ఒక కుటుంబపు ఏడాదిని మార్చివేయును.