సీనియర్ సిటిజన్లకు రైలు టికెట్‌పై రాయితీ ఉందా? సికింద్రాబాద్‌లో ఇలా.. యూరప్‌లో అలా!

సికింద్రాబాద్ నుంచి విశాఖకో, తిరుపతికో వెళ్లే పెద్దవాళ్లు ఇప్పుడు రైలు టికెట్‌కు పూర్తి ఛార్జీ కట్టాల్సిందే. కరోనా టైమ్‌లో, 2020 మార్చి 20 నుంచి సీనియర్ సిటిజన్ల రాయితీని రైల్వే శాఖ నిలిపేసింది. రైళ్లన్నీ మళ్లీ పట్టాలెక్కినా, ఆ రాయితీ మాత్రం తిరిగి రాలేదు.

తేడా ఎంత?
అప్పట్లో బేస్ ఫేర్‌పై 60 ఏళ్లు నిండిన పురుషులకు 40 శాతం, 58 ఏళ్లు నిండిన మహిళలకు 50 శాతం తగ్గేది. బేస్ ఫేర్ రూ.1,000 అనుకుంటే, భార్యాభర్తలిద్దరికీ కలిపి రూ.1,100 సరిపోయేది. ఇప్పుడు రూ.2,000 అవుతుంది. అయితే ప్రయాణికులందరికీ సగటున 46 శాతం సబ్సిడీ ఇస్తున్నామని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ 2024 డిసెంబర్‌లో పార్లమెంట్‌లో చెప్పారు.

ఇప్పుడు ఎవరికి ఉంది?
దివ్యాంగుల్లో 4, రోగుల్లో 11, విద్యార్థుల్లో 8 కేటగిరీలకు రాయితీ కొనసాగుతోంది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగులకు స్లీపర్, థర్డ్ ఏసీలో ఛార్జీ ఉండదు. సొంతూరికి వెళ్లే విద్యార్థులకు స్లీపర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం తగ్గుతుంది. కాలేజీ సర్టిఫికెట్‌తో కౌంటర్‌కు వెళ్లాలి. తత్కాల్ టికెట్లకు ఏ రాయితీ వర్తించదు.

యూరప్‌లో ఎలా?
అక్కడ చాలా దేశాల్లో డబ్బు కట్టి డిస్కౌంట్ కార్డు కొనుక్కుంటారు. జర్మనీలో బాన్‌కార్డ్‌తో రకాన్ని బట్టి 25 లేదా 50 శాతం తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లో హాఫ్ ఫేర్ కార్డుంటే సగం ధరే. బ్రిటన్‌లో 60 ఏళ్లు దాటినవాళ్లు సీనియర్ రైల్‌కార్డ్ తీసుకుంటే మూడో వంతు మిగులుతుంది. పైగా దూరప్రాంత రైళ్లలో ముందుగా బుక్ చేస్తే చాలా చోట్ల టికెట్ చౌక.

మన దగ్గర మామూలు ఎక్స్‌ప్రెస్‌లలో 60 రోజుల ముందు కొన్నా, తత్కాల్ కాకుండా ఆఖర్లో కొన్నా ఒకటే రేటు. సికింద్రాబాద్–నిజాముద్దీన్ రాజధాని లాంటి ఫ్లెక్సీ ఫేర్ రైళ్లలో మాత్రం ప్రతి 10 శాతం బెర్తులు నిండేకొద్దీ బేస్ ఫేర్ 10 శాతం చొప్పున పెరుగుతుంది. వీటిలో ముందు కొన్నవాళ్లకే లాభం.

ఇవి గుర్తుంచుకోండి
* 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన మహిళలకు, ఖాళీ ఉంటే లోయర్ బెర్త్ ఇస్తారు. బుకింగ్‌లో వయసు సరిగ్గా రాయాలి.
* 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు స్లీపర్‌లో బెర్త్ వద్దంటే సగం ఛార్జీ. బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ.