డబ్బా కంటే ముందు దిబ్బ: క్యాంపస్ రీసైక్లింగ్ కథ

ఈ మధ్య మా బంధువుల కుర్రాడు, డిగ్రీ చదువుతున్నాడు, నన్నో మాట అడిగాడు. "బాబాయ్, కాలేజీల్లో ఈ రీసైక్లింగ్ ఎప్పుడు మొదలైంది? పచ్చ డబ్బా, నీలం డబ్బా పెట్టినప్పటి నుంచేనా?" అని. నేను వేమూరు వాణ్ణి. డబ్బా కంటే ముందు దిబ్బ ఉందిరా అన్నాను. వాడు నవ్వాడు. ఇవాళ ఆ కథే చెప్పుకుందాం.

మా చిన్నప్పుడు ప్రతి దొడ్లోనూ ఒక దిబ్బ ఉండేది. పేడ, పొయ్యిలో బూడిద, పశువులు తినగా మిగిలిన గడ్డి, వాకిలి ఊడ్చిన చెత్త, అన్నీ అందులోకే. ఎండాకాలంలో బళ్ళకెత్తి పొలానికి తోలేవాళ్ళు. దానికి రీసైక్లింగ్ అనే పేరుందని ఎవరికీ తెలియదు.

ఈ దిబ్బ క్యాంపస్‌లో పరిశోధనగా మారింది ఇండోర్‌లో. ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా అక్కడి సంస్థలో పనిచేశాడు. ఆకూ అలమా, పేడా పొరలు పొరలుగా వేసి, తడుపుతూ, మధ్యమధ్య తిరగేస్తే మూడు నెలల్లో ఎరువవుతుందని తేల్చాడు. 1931లో పుస్తకం వేశాడు. దొర వచ్చి మనకు నేర్పాడనుకోకండి. ఇక్కడి రైతులే తన గురువులని ఆయనే రాసుకున్నాడు. 1935లో గాంధీగారు కూడా ఇండోర్ వెళ్ళి ఆ గుంటలు చూసొచ్చారు. తర్వాత 1939లో బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో సి.ఎన్. ఆచార్యగారు పట్నాల చెత్తకు ఇంకో పద్ధతి కనిపెట్టారు. దీంట్లో తిరగేసే పని లేదు, గుంటలో వేసి మట్టి కప్పెయ్యడమే. కాకపోతే ఆర్నెల్ల పైనే పడుతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వచ్చింది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. సరిగ్గా అప్పుడే కాలం మారింది. దేశంలో తిండిగింజల కరువు. 1966లో ఐఆర్ 8 వచ్చింది, వెనకాలే యూరియా బస్తా వచ్చింది. 1986లో బాపట్లలోనే పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, విడుదలైంది. ఇవాళ మీరూ నేనూ తినే అన్నం అదే. దాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కాకపోతే ట్రాక్టరొచ్చి ఎడ్లు పోయాయి. ఎడ్లు పోతే దిబ్బ పోయింది.

ఆ తర్వాత పర్యావరణం కోర్టు దారిలో క్యాంపస్‌కు తిరిగొచ్చింది. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ చదువు తప్పనిసరి అంది. అది డిగ్రీ పిల్లలందరికీ పాఠంగా అందేసరికి 2004 అయింది. 2016 ఘనవ్యర్థాల నియమాలు ఇంకో అడుగు వేశాయి. రోజుకు వంద కిలోలు మించి చెత్త వచ్చే చోట, విశ్వవిద్యాలయాలతో సహా, తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువో గ్యాసో చెయ్యాలని ఆ నియమాలు చెప్పాయి. అంటే ఏంటి? తిరిగి తిరిగి మళ్ళీ దిబ్బ దగ్గరికే వచ్చాం.

మరి పొలం సంగతి? కోత మిషను వదిలేసిన గడ్డిని చాలాచోట్ల తగలబెడుతున్నారు. టన్ను వరిగడ్డిలో ఇంచుమించు 15 కిలోల పొటాష్, ఐదారు కిలోల నత్రజని ఉంటాయి. తగలబెడితే నత్రజని దాదాపు మొత్తం పొగలో పోతుంది. పొటాషేమో మనం దాదాపు పూర్తిగా బయటి దేశాల నుంచే కొంటున్నాం.

ఇదే మాట మా పొలం కౌలుకు చేసే అతనితో అన్నాను. "నిజమే అండీ. కానీ గడ్డి కుళ్ళేదాకా ఆగితే రెండో పంట అదును పోద్ది. ఎరువు తోలాలంటే కిరాయి, కూలి. అంతా చేశాక వచ్చే ఏడు పొలం నాకే ఇస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పొలం నాది, గడ్డి అతనిది, పొగ ఊరందరిదీ.

హాస్టల్ వెనక గుంట తవ్వడం తేలికే. చుట్టూ ప్రహరీ ఉంది, జీతగాళ్ళున్నారు, వచ్చే ఏడు కూడా ఆ నేల వాళ్ళదే. కౌలురైతుకు అవేమీ లేవు. అందుకే ఈ ఏడు నేను మా కౌలు మాట మూడేళ్ళకు రాసిచ్చాను, ఎరువు కిరాయిలో సగం నాది. అతను ఒక ఎకరంలో గడ్డి కాల్చకుండా చూస్తానన్నాడు. ఏమైందో పంట అయ్యాక చెప్తాను. మీ ఊళ్ళో గడ్డిని ఏం చేస్తున్నారో కింద రాయండి. ఉంటానండీ.