పరీక్ష ఎవరి కోసం? సవాయి రోగం చెప్పే చరిత్ర

రోగానికి కులం లేదంటారు. క్రిమికి లేకపోవచ్చు. ఎవర్ని పట్టుకొచ్చి పరీక్షించాలి, ఎవర్ని వదిలేయాలి, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నది మాత్రం ఎప్పుడూ పైవాళ్లే తేల్చారు. సవాయి రోగం, అంటే సిఫిలిస్, చరిత్రలో మేం చూస్తున్నది ఇదే.

1868లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలో అంటురోగాల చట్టం తెచ్చింది. వేశ్యలని రిజిస్టరులో రాసుకున్న ఆడవాళ్లు గడువు ప్రకారం డాక్టరు దగ్గర పరీక్షకు రావాలి. రోగముందంటే లాక్ ఆస్పత్రిలో నిర్బంధం, రాకపోతే శిక్ష. వాళ్ల దగ్గరికి పోయిన మగాళ్లకు ఆ చట్టంలో పరీక్షే లేదు. కాపాడాలనుకున్నది తెల్ల సిపాయిని, ఆ ఆడమనిషిని కాదు. పోనీ, ఆ పరీక్షకు శాస్త్రమైనా ఉందా? క్రిమిని కనుక్కున్నది 1905లో, వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది 1906లో. అంతకుముందు కంటికి కనబడ్డ పుండే సాక్ష్యం. ఈ జబ్బులో పుండు నొప్పి లేకుండా దానంతటదే మానిపోతుంది, రోగం ఒంట్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. 1888లో చట్టం రద్దయింది, ముద్ర పోలేదు. జోగినుల్ని చేసిన మాల, మాదిగ ఆడవాళ్లని ‘రోగాల పుట్ట’ అంటారు. వాళ్లని వాడుకున్న ఊరి పెద్దల్ని ఎవరడిగారు?

రక్తపరీక్ష వచ్చాకైనా న్యాయం జరిగిందా? అమెరికాలో నల్లవాళ్ల అనుభవం చూడండి. 1932లో అలబామాలోని టస్కీగీలో ప్రభుత్వ ఆరోగ్యశాఖ దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్లని ఒక అధ్యయనంలో చేర్చుకుంది. అందులో 399 మందికి సిఫిలిస్. రక్తం తీశారు, ‘చెడ్డ రక్తం’ అన్నారు, రోగం పేరు చెప్పలేదు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చినా ఇవ్వలేదు. 1972లో పత్రికలకెక్కాకే అది ఆగింది. నల్లవాళ్ల పోరాటం నుంచి పేరు తీసుకుని బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టిందీ ఆ ఏడే.

ఒకచోట బలవంతం, ఇంకోచోట మోసం. అలాగని పరీక్షే వద్దంటే నష్టపోయేది మనమే. వైద్యం లేకుంటే ఈ రోగం గుండెకీ మెదడుకీ ఎక్కుతుంది, కడుపులో బిడ్డకీ సోకుతుంది. తొలిదశలోనైతే ఒక్క బెంజాథిన్ పెన్సిలిన్ సూదితో నయమవుతుంది. వీడీఆర్‌ఎల్ పరీక్ష ఒక్కోసారి రోగం లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది కాబట్టి, టీపీహెచ్‌ఏ లాంటి రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. గర్భిణికి మొదట్లోనే పరీక్ష జరగాలి, భర్తకూ జరగాలి.

అందుకే మనం అడగాల్సినవి ఇవి: ఏ పరీక్షో మన భాషలో చెప్పాలి, ఒప్పుకున్నాకే రక్తం తీయాలి, ఫలితం మనకే చెప్పాలి, గుట్టుగా ఉంచాలి, మందు అక్కడే ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు.