చాలు వెంట చాలు: టెలివిజన్ కథ



సాయంత్రం పూట పనులు ముగించుకొని మీరు చూసే టెలివిజన్ ఒక దుక్కి చేలో పుట్టిందంటే నవ్వుతారేమో. నవ్వకండి. సంగతి వినండి.

అమెరికా దేశంలో ఐడహో అని ఒక రాష్ట్రం ఉంది. అందులో రిగ్బీ అనేది చిన్న ఊరు. చుట్టుపట్ల బంగాళాదుంప పండే నేలలు. అక్కడ 1921లో ఫైలో ఫార్న్‌స్‌వర్త్ అనే 14 ఏళ్ళ రైతు బిడ్డ గుర్రాలు కట్టి పొలం దున్నుతున్నాడు. వాడి బుర్రలో ఒక పురుగు తొలుస్తూ ఉన్నది. మాటను గాలిలో పంపగలుగుతున్నారు గదా, బొమ్మను ఎందుకు పంపలేము? అప్పటికి చాలాకాలం క్రిందటే, 1884లో, జర్మనీవాడైన నిప్‌కో చిల్లుల చక్రం తిప్పి బొమ్మను ముక్కలుగా చేసే ఉపాయం చెప్పి ఉన్నాడు. కాని చక్రం ఎంతకని తిరుగుతుంది?

కుర్రవాడు చేను వంక చూచాడు. చాలు ప్రక్కన చాలు, దాని ప్రక్కన ఇంకొక చాలు. పొలమంతా ఒక్కసారిగా ఎవడూ దున్నడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక్కొక్క చాలే తోలుకుంటూ పోతే సాయంత్రానికి చేనంతా అవుతుంది. బొమ్మను కూడా అట్లాగే, ఎలక్ట్రాన్ల ధారతో గీత వెంట గీతగా దున్నుకుంటూ పోతే? ఆ ఆలోచన ఆ పొలంలోనే తట్టిందని చెప్పుకుంటారు.

మన ఇళ్ళల్లో మొన్నమొన్నటి దాకా ఉన్న పెద్ద గాజుబుడ్డి టెలివిజన్ పనిచేసింది సరిగ్గా ఇట్లాగే. మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మకు 625 చాళ్ళు. అవీ వరుసగా కావు. ముందు చాలు విడిచి చాలు తోలి, మళ్ళీ మొదటికి వచ్చి విడిచిన చాళ్ళు తోలడం. ఇట్లా సెకండుకు 25 బొమ్మలు. మన కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు గనుక, కదిలే మనిషి కనబడతాడు. ఇప్పటి పలక టెలివిజన్లలో ఆ ధార లేదుగాని, బొమ్మను వరుసలుగా చేయడం మాత్రం పోలేదు.

లండనులో జాన్ బేర్డ్ 1926 జనవరి 26న చక్రం పద్ధతిలో బొమ్మ చూపించాడు. ఆయన బొమ్మకు 30 చాళ్ళే. ఫార్న్‌స్‌వర్త్ 1927 సెప్టెంబరు 7న, తన 21వ ఏట, చక్రం లేకుండా శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకే ఒక గీతను పంపాడు. ఒక్క గీత! తరువాత పెద్ద కంపెనీ ఆర్.సి.ఏ.తో పేటెంటు తగాదా వచ్చింది. అప్పుడు బడి పంతులు టోల్మన్ వచ్చి, ఈ అబ్బాయి చిన్నప్పుడే నాకు బొమ్మ గీసి చూపించాడని సాక్ష్యమిచ్చాడు. 1934లో తీర్పు ఫార్న్‌స్‌వర్త్ పక్షాన వచ్చింది. 1939లో ఆ కంపెనీ ఆయనకు రుసుము కట్టడానికి ఒప్పుకుంది. అంతలో యుద్ధం. యుద్ధం ముగిసి అమెరికాలో టెలివిజన్లు జోరుగా అమ్ముడయ్యే వేళకు ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరిపోయింది. విత్తినవాడొకడు, కోసుకున్నవాడొకడు. ఇది మనకు కొత్త కథేమీ కాదు.

ఇంతవరకు నాగలి సంగతి. ఆ చాళ్ళల్లో ఏ విత్తనం వేశారో ఇక చూద్దాం.

మన దేశంలో 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ మొదలయింది. 1967 జనవరి 26న ‘కృషిదర్శన్’ వచ్చింది. ఢిల్లీ చుట్టుప్రక్కల 80 గ్రామాల్లో ఉమ్మడి సెట్లు పెట్టి, గోధుమ రైతులకు కొత్త వంగడాల సంగతులు చూపించారు.

మన తెలుగు పల్లెలకు ఇది వచ్చింది 1975 ఆగస్టు 1న. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది. చూడటానికి ఆయన లేరు, 1971లోనే పోయారు. అమెరికా వారి ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అడిగి తెచ్చుకొని, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు రోజుకు 4 గంటలు కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. సెట్లు చేసింది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. ఆకాశం నుంచి బొమ్మ పట్టడానికి 10 అడుగుల గొడుగు. దానికి వాడింది కోళ్ళగూటికి చుట్టే ఇనుపవల! కరెంటు లేని కొన్ని ఊళ్ళల్లో బ్యాటరీలతో నడిపారు. పగలు బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. పెద్దల వేళకూ ముందు వరుసలో కూర్చున్నది పిల్లలేననుకోండి.

ఇక్కడొక చిన్న విషయం గమనించండి. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతోపాటు రెండు మాటలు మోయగలదు. అందుచేత ఒకే బొమ్మకు తెలుగు మాట, కన్నడ మాట జోడించి రెండు రాష్ట్రాలకూ పంపగలిగారు. ఖర్చు కలిసివచ్చే మాట నిజమే. కాని నల్లరేగడి రైతుకు ఎర్రచెలకలో చేసిన సేద్యం చూపితే, మాట ఎంత చక్కని తెలుగైనా, ‘అది మన నేల కాదులే’ అని లేచిపోడా? మాట కంటే ముందు కన్ను చూసేది మట్టి రంగునే.

ఆ ఏడాది ఫలితాలను పరిశోధకులు ఊళ్ళల్లో కాపురముండి పరిశీలించారు. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాల్లో, ముఖ్యంగా చదువురాని స్త్రీలలో, తెలివిడి పెరిగిందని తేలింది. కొత్త సేద్య పద్ధతులను ఆచరించడంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. నన్నడిగితే ఇందులో వింత లేదు. తెరమీద విత్తనం కనబడుతుంది. దుకాణంలో ఉండాలి గదా? నీరుండాలి, అప్పు పుట్టాలి. నాగలి తన గట్ల లోపలే తిరుగుతుంది. కెమెరా కూడా అంతే. గట్టు లోపలి పచ్చని చేను చూపుతుంది, గట్టు వెలుపలి ఎండిన బావి చూపదు. చూసేవాడు ఆ నాలుగు గట్ల మధ్యదే లోకమనుకుంటాడు. అందుకని విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ప్రదర్శన చిత్రం వేసిన రోజున అది ఏ నేల, ఎన్ని తడులు పెట్టారు, ఖర్చు ఎవరు భరించారు అని రైతు అడగక ముందే మీరు చెప్పండి.

1976 జూలై 31తో గడువు అయిపోయి ఉపగ్రహం వెళ్ళిపోయింది. 1977లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. 1982లో రంగులతో పాటు ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకే కార్యక్రమం వచ్చింది. అప్పటి నుంచి పల్లె రైతు పట్నపు మేడలను, సబ్బు ప్రకటనలను రోజూ చూస్తున్నాడు. పట్నంవాడు పల్లెను చూసింది ఎంత?

1975లోనే గుజరాత్‌లో ఇంకొక పద్ధతి నడిచింది. ఖేడా జిల్లా పిజ్ గ్రామంలో చిన్న ప్రసార కేంద్రం పెట్టి, దాదాపు 400 గ్రామాలకు వాళ్ళ యాసలోనే, వాళ్ళ ఊళ్ళల్లోనే తీసిన కార్యక్రమాలు వేశారు. నటులు గ్రామస్థులే. కూలి రేట్లు, తాగుడు, అంటరానితనం, అన్నీ తెరకెక్కాయి. తన పొరుగువాడు తెరమీద నిలబడి న్యాయమైన కూలి అడుగుతుంటే, కూలివాడూ చూశాడు, కూలి ఇచ్చే ఆసామీ చూశాడు. ఇద్దరూ ఒకే సెట్టు ముందర కూర్చుని. ఈ పనికి 1984లో యునెస్కో బహుమతి వచ్చింది.